చప్పుడు మానేసిన బీరువా

అనగనగా ఒక ఊళ్ళో, కోడి కంటే ముందు మగ్గాలు లేచే ఊళ్ళో, భద్రమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఇటు జరుగు నాన్నా, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఆఁ, చెప్తున్నాను.

భద్రమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కోటిలింగం, చిన్నవాడు వీర్రాజు. ఇద్దరూ నేతపని చేసేవాళ్ళే. పెద్ద కోడలు పార్వతాలు కూడా మొగుడితో సమానంగా మగ్గం మీద కూర్చునేది. చిన్న కోడలు హైమ. కొత్తగా కాపురానికొచ్చింది. ఏటి అవతలి ఊరు పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇంట్లో పిల్లలంటే పార్వతాలు కూతురొక్కతే. పేరు ముత్యం. నీకంటే కాస్త చిన్నది.

భద్రమ్మ కళ్ళకి పొర కమ్మింది. ఎదురుగా ఎవరో నిలబడ్డారని తెలిసేది గానీ, ఎవరో తెలిసేది కాదు. అయినా ఆ ఇంట్లో ఆవిడకి తెలియకుండా చిటికెడు ఉప్పు కదిలేది కాదు. ఎలా అంటావా? వంటింట్లో ఒక బీరువా ఉండేది.

ఇప్పటి ఇనప బీరువా కాదు. గోడలో పెద్ద గూడు, దానికి టేకు తలుపులు. ఎక్కడో పాత బంగళా పడగొడుతుంటే భద్రమ్మ మొగుడు ఆ తలుపుల్ని బండి మీద వేసుకొచ్చి బిగించాడట. దూడంత బరువు ఒక్కో తలుపు. నెయ్యి, బెల్లం, పప్పులు, చిరుతిళ్ళు, అన్నీ అందులోనే ఉండేవి.

ఆ తలుపు మూడు మాటలు మాట్లాడేది. తెరిస్తే 'కిర్రు' అనేది. సగం మూస్తే కింద చట్రానికి రాసుకుని 'గర్రు' అనేది. పూర్తిగా మూస్తే 'ధడేల్' అని పడేది. గోడమీది సున్నం రాలేది. వీధి చివర చుక్కమ్మ ఉలిక్కిపడి, "భద్రమ్మగారింట్లో ఎవరో బెల్లం తీస్తున్నారు" అనేది.

భద్రమ్మకి ఆ చప్పుడంటే ప్రాణం. అరుగు మీద కూర్చుని, చెవి ఒగ్గి, తలుపు ఎవరు వేశారో చెప్పేసేది. పార్వతాలైతే ఒక్క ఊపున వేస్తుంది. వీర్రాజైతే భయపడుతూ వేస్తాడు, అందుకే రెండుసార్లు పడుతుంది. "నాకు కళ్ళు లేకపోతేనేం, తలుపుంది" అనేది భద్రమ్మ.

ఇలా ఉండగా ఒకరోజు 'కిర్రు' పోయింది.

భద్రమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. లోపల్నించి 'గర్రు' వినపడింది, 'ధడేల్' వినపడింది. ముందు రావాల్సిన 'కిర్రు' మాత్రం రాలేదు. అప్పుడు ఆవిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. తలుపు బందుల్ని వేళ్ళతో తడిమింది. జిడ్డుగా తగిలింది. వాసన చూసింది. ఆముదం.

నువ్వయితే ఏమంటావు? ఎవరో మంచివాళ్ళు నూనె వేశారంటావు. భద్రమ్మ అలా అనుకోలేదు. చప్పుడు చేసే తలుపుకి చెప్పకుండా నూనె వేశారంటే, చప్పుడు కాకుండా తియ్యాలని ఎవరికో ఉంది అనుకుంది.

అప్పుడామెకి గుర్తొచ్చింది. ముందురోజే హైమ, "అత్తయ్యా, తలకి కాస్త ఆముదం కావాలి" అని అడిగి తీసుకుంది. భద్రమ్మ హైమని పిలిచింది. దగ్గర కూర్చోమంది. ముద్దు చేస్తున్నట్టు తల నిమిరింది. జుట్టు పొడిగా ఉంది, ఎండుగడ్డిలా ఉంది.

"ఊఁ" అంది భద్రమ్మ. 

ఆ తర్వాత 'గర్రు' కూడా పోయింది.

భద్రమ్మ మళ్ళీ వెళ్ళి తలుపు కింది అంచు తడిమింది. సబ్బురాయిలా నున్నగా జారుతోంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొవ్వొత్తి మైనం. దీపాల గూట్లో చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఉండాల్సిన కొవ్వొత్తి లేదు.

"కొవ్వొత్తి ఏదే?" అని కోడళ్ళిద్దర్నీ అడిగింది.

"నాకు తెలీదత్తయ్యా" అంది పార్వతాలు.

"అరిగిపోయిందత్తయ్యా" అంది హైమ.

చూశావా, వెలిగిస్తే కరిగిపోతుంది గానీ అరిగిపోతుందా కొవ్వొత్తి? ఆ మాట భద్రమ్మ గుండెల్లో ముల్లులా దిగింది.

అప్పుడు ఆవిడ బీరువాలో సున్నుండల డబ్బా తీసింది. చెయ్యి లోపల పెట్టింది. పండక్కని తానే చుట్టి, డబ్బా నిండా పెట్టిన సున్నుండలు. ఇప్పుడు మణికట్టు దాకా చెయ్యి దిగింది. అంటే ఎవరో తింటున్నారు. చెప్పకుండా తింటున్నారు. చప్పుడు పోయాకే తింటున్నారు.

అనుమానం పెనుభూతం అంటారు నాన్నా. ఊరికే అనలేదు. ఆ రోజు నించి హైమ నవ్వితే భద్రమ్మకి అనుమానం. నవ్వకపోతే ఇంకా అనుమానం. పెరట్లోకి వెళితే అక్కడ తింటోందేమో అని. నీళ్ళు తాగితే, తీపి తిన్న నోరేమో అని.

ఆ తర్వాత కొద్దిరోజులకి 'ధడేల్' కూడా పోయింది.

ఆ పూట చుక్కమ్మ పనిగట్టుకుని వచ్చింది. అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి, "మీ చిన్న కోడలు పొద్దున సైకిల్ షాపు దగ్గర నిలబడిందండీ. అతనేదో ఇచ్చాడు. కొంగులో దాచుకుని గబగబా వెళ్ళిపోయింది. నాకెందుకులెండి, చూశాను గనక చెప్పాను" అంది.

భద్రమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వేసి చూసింది. అది పిల్లి అడుగు వేసినట్టు వచ్చి చట్రంలో కూర్చుంది. వేళ్ళతో చట్రమంతా తడిమితే మూలల్లో మెత్తటి ముక్కలు తగిలాయి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు. తలుపు వచ్చి వాటి మీద ఆనుకుంటోంది, అందుకే చప్పుడు లేదు.

భద్రమ్మకి ఒళ్ళు మండింది. ఆ ముక్కల్ని ఒక్కొక్కటీ పీకి పొయ్యిలో పడేసింది. ఆ రోజంతా తలుపు మళ్ళీ 'ధడేల్' అని పడింది. ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ చప్పుడు లేదు. తడిమి చూస్తే కొత్త ముక్కలు. ఈసారి ఇంకా గట్టిగా అతికించి ఉన్నాయి.

"ఎంత ధైర్యమే నీకు" అనుకుంది భద్రమ్మ. 

పైకి అనకపోయినా అనుమానం దాగుతుందా? అది ఇల్లంతా పాకింది. పార్వతాలు తన ట్రంకు పెట్టెకి తాళం వేసుకుంది, ఎన్నడూ లేనిది. హైమ మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి వస్తే, తను లేచి పక్కకి వెళ్ళి కూర్చునేది. కోటిలింగం తమ్ముడితో మాట తగ్గించాడు. సున్నుండలు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి.

ఒకరోజు అన్నం దగ్గర వీర్రాజు అడిగేశాడు. "హైమా, ఆ తలుపు సంగతి నీ పనేనా?"

"నా పనే" అంది హైమ. "చప్పుడు లేకుండా చేసింది నేనే. సున్నుండలు మాత్రం నేను ముట్టుకోలేదు."

"మరెందుకు చేశావు?"

హైమ తల వంచుకుంది. "ఇప్పుడు చెప్పలేను. కొన్నాళ్ళు ఆగండి" అంది.

వీర్రాజు వెళ్ళి ఆ మాటే తల్లితో చెప్పాడు. భద్రమ్మ అంతా విని, "తినని దానికి చప్పుడెందుకు చేదు?" అంది. వీర్రాజు తల గోక్కున్నాడు. దానికి నీ దగ్గర జవాబుందా? లేదు కదా. విను మరి.

అప్పుడు భద్రమ్మ ఒక పని చేసింది. ఏరు దాటి వెళ్ళే మనిషి చేత హైమ అన్న సాంబశివుడికి కబురు పంపింది. 'మీ చెల్లెల్ని వచ్చి తీసుకెళ్ళు. దొంగతనం అలవాటున్న మనిషి మా ఇంట్లో వద్దు.' అదీ కబురు.

హైమ ఏడవలేదు. నా తప్పేం లేదని వీధిలోకెక్కి చెప్పుకోలేదు. తన చీరలు మూట కట్టుకుని మూల పెట్టింది. వీర్రాజు రెండు పూటలు అన్నం మానేశాడు. ఆ ఇంట్లో మగ్గాలు ఆడుతున్నాయి గానీ మనుషులు మాట్లాడటం లేదు.

సాంబశివుడు వచ్చే రోజు రానే వచ్చింది. భద్రమ్మ ఆలోచించింది. ఊరికే దొంగ అంటే ఆ అన్న ఒప్పుకుంటాడా? చెయ్యి పట్టుకుని చూపించాలి. మధ్యాహ్నం అందరూ తిని మగ్గాల మీదికి వెళ్ళాక, ఆవిడ నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం గాదె వెనక పీట వేసుకుని కూర్చుంది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి కూడా చిన్నగా తీసింది.

ముందు వాకిట్లో కాకి అరిచింది. ఆ తర్వాత పెరట్లో గిన్నె దొర్లింది. ఆ తర్వాత వంటింటి గడప దగ్గర ఏదో మెత్తగా కదిలింది.

అడుగులు. ఆగాయి. మళ్ళీ కదిలాయి. బీరువా దగ్గర ఆగాయి. తలుపు తెరుచుకున్న గాలి భద్రమ్మ మొహానికి తగిలింది. చప్పుడు లేదు. డబ్బా మూత లేచింది. నేతి వాసన గుప్పుమంది.

అప్పుడు భద్రమ్మ చటుక్కున లేచి, చెయ్యి చాచి, దొంగ చెయ్యి పట్టేసుకుంది.

గాజుల చెయ్యి దొరుకుతుందనుకుంది. ఆవిడ పిడికిట్లోకి వచ్చింది నేతి జిడ్డుతో ఉన్న చిట్టి చెయ్యి. అందులో సగం కొరికిన సున్నుండ.

"ఎవరూ?" అంది భద్రమ్మ. 

"నేనే నాయనమ్మా. ముత్యాన్ని."

భద్రమ్మకి నమ్మకం కలగలేదు. ఎందుకో తెలుసా? ముత్యం వంటింట్లోకి వచ్చే పిల్ల కాదు. ఏడాదిగా ఆ గడప తొక్కలేదు. ఎంత పిలిచినా వచ్చేది కాదు. అన్నం వాకిట్లోనే తినేది. లేకపోతే మగ్గం కింద గుంట ఉంటుంది చూడు, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట, అందులో దూరి కూర్చునేది. మొండిపిల్ల అని అందరూ వదిలేశారు.

"నువ్వు వంటింట్లోకి రావు కదే" అంది భద్రమ్మ.

"ఇప్పుడొస్తున్నాను. తలుపు అరవడం మానేశాక వచ్చాను గానీ, కొడుతుందని మూసేదాన్ని కాదు. ఇప్పుడు కొట్టడం కూడా మానేసింది నాయనమ్మా. మంచిదైపోయింది."

"ఏ తలుపే?"

"ఈ తలుపే. గాలివాన వచ్చినప్పుడు కూడా తలుపు ఇలాగే కొట్టింది. కొడుతూనే ఉంది. నేను గుంటలో కూర్చుని అమ్మని పిలిచాను. అమ్మ రాలేదు."

భద్రమ్మ పీట మీద కూలబడింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

అవును నాన్నా. అంతకు ముందు ఏడు పెద్ద గాలివాన వచ్చింది. భద్రమ్మ ఆ పూట చుక్కమ్మ ఇంట్లో ఉంది. తడిసిపోతున్న నూలు కాపాడుకుందామని మిగతా పెద్దవాళ్ళంతా బయటికి పరిగెత్తారు. పిల్ల మగ్గం గుంటలో భద్రంగా ఉందిలే అనుకున్నారు. ఇంతలో చెట్టు పడి దారి మూసుకుపోయింది. గాలి తగ్గి వాళ్ళు తిరిగొచ్చేదాకా ఖాళీ ఇంట్లో తలుపులు బాదుకుంటూనే ఉన్నాయి. వచ్చి చూస్తే పిల్లకి చిన్న గీత కూడా పడలేదు. ఏమీ కాలేదు, దేవుడు కాపాడాడు అన్నారు. అందరూ మర్చిపోయారు. ముత్యం మర్చిపోలేదు.

బీరువా తలుపు పడినప్పుడల్లా ఆ పిల్లకి మళ్ళీ ఆ రోజే. ఎవరికీ చెప్పదు. చెప్పడం రాదు. గుంటలోకి దిగిపోతుంది, అంతే.

ఇంతలో వాకిట్లో మాటలు వినపడ్డాయి. సాంబశివుడు వచ్చాడు. హైమ మూట చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మగ్గాలు ఆగాయి. కోటిలింగం, పార్వతాలు, వీర్రాజు అందరూ వాకిట్లోకి వచ్చారు. గోడ పక్కన చుక్కమ్మ కూడా వచ్చి నిలబడింది, ఆవిడ రాకుండా ఎలా ఉంటుంది?

సాంబశివుడి మొహం కందిపోయి ఉంది. "అత్తయ్యగారూ, మా చెల్లెలు చిన్నప్పట్నించీ పక్కవాళ్ళ పువ్వు కూడా కొయ్యని పిల్ల. మీ ఇంట్లో ఏం దొంగిలించిందో నా ఎదురుగా చెప్పండి. విని తీసుకెళ్తాను" అన్నాడు.

భద్రమ్మ ముత్యం చెయ్యి పట్టుకునే బయటికి వచ్చింది. ఆ పిల్ల మూతికి ఇంకా సున్నుండ పొడి అంటుకునే ఉంది. పార్వతాలు కూతుర్ని చూసింది. మూతి చూసింది. చూపు నేలకి దించుకుంది.

"చప్పుడొక్కటే దొంగిలించింది నాయనా" అంది భద్రమ్మ. "సున్నుండలు తిన్నది ఇదిగో, నా మనవరాలు. నీ చెల్లెల్ని దొంగన్నది నేను. ఆ మాట తప్పు. నలుగురిలో అన్నాను గనక నలుగురిలోనే చెప్తున్నాను."

 అప్పుడు భద్రమ్మ హైమ ఉన్న వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసా, ఇది భయపడుతోందని?"

"తెలుసత్తయ్యా. కండెలు చుడుతూ చూసేదాన్ని. తలుపు పడగానే గుంటలోకి దిగేది. చెవులు మూసుకునేది. మగ్గం చప్పుడుకి భయపడేది కాదు. మగ్గం చప్పుడు చెప్పి వస్తుంది. తలుపు చప్పుడు చెప్పకుండా వస్తుంది."

"మరి ఆ ముక్క నాతో ఎందుకు చెప్పలేదే? దొంగ అనిపించుకుని, మూట కట్టుకుని, అయినా నోరు విప్పలేదే?"

హైమ మెల్లిగా, "చెప్తే మీరు తలుపు ఇంకా గట్టిగా వేసేవారత్తయ్యా. భయం పోవాలంటే అలవాటు చెయ్యాలని, దాన్ని పక్కన నిలబెట్టి మరీ వేసేవారు. నిన్నా మొన్నా గడప దాకా వచ్చి తొంగి చూస్తోంది. ఇంకో నాలుగు రోజులు పోతే లోపలికి వస్తుందేమో, అప్పుడు చెప్దామనుకున్నాను. అది అప్పటికే లోపలికి వస్తోందని నాకూ తెలీదు" అంది.

 తన సంగతి భద్రమ్మకి తెలియదా?

"అవును. అలాగే చేసేదాన్ని" అంది.

అప్పుడు పార్వతాలు వచ్చి హైమ చేతిలో మూట తీసుకుంది. అక్కడే వాకిట్లో కూర్చుని ముడి విప్పసాగింది. ముడి రాలేదు. పళ్ళతో లాగింది. "కన్నతల్లిని నేను. నా కాళ్ళ దగ్గరే గుంటలో కూర్చుంటే ఆడుకుంటోందనుకున్నాను. నేను చూడంది చూశావు హైమా. పైగా నీకు కనపడేలా పెట్టెకి తాళం వేశాను" అంది.

"ఊరుకో అక్కా" అంది హైమ. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆ పిల్లకి. తోడికోడళ్ళిద్దరూ చీరల మధ్య కూర్చుని ఏడ్చారు. సాంబశివుడికి ఏం చెయ్యాలో తెలియక అరుగు మీద కూర్చుని కాళ్ళు ఊపాడు.

"కాళ్ళు కడుక్కో నాయనా, అన్నం తిందువుగాని" అంది భద్రమ్మ. "పొద్దుగూకేలోగా ఏరు దాటేద్దామని చూడకు. ఉండి రేపు వెళ్ళు. ఇంటికెళ్ళి మీ అమ్మకి ఈ మాట కూడా చెప్పు. మొదటి కబురు పంపిన నోటితోనే రెండోది పంపుతున్నానని చెప్పు."

చుక్కమ్మ మెల్లిగా జారుకోబోయింది. భద్రమ్మకి కళ్ళు లేకపోయినా చెవులున్నాయిగా. "చుక్కమ్మా, సైకిల్ షాపు సంగతి ఊరంతా చెప్పావు కదా. ఇది కూడా చెప్పి రా" అంది.

చుక్కమ్మ చెప్పింది. పాపం, అంతే ఉత్సాహంగా చెప్పింది.

ఆ సాయంత్రం అందరూ వంటింట్లోనే కూర్చుని తిన్నారు. ముత్యం పిన్ని పక్కన పీట వేసుకుంది. నెయ్యి కావాలంటే తనే లేచి బీరువా తీసింది. గిన్నె తెచ్చింది. తలుపుని ఒక్క వేలితో తోసింది. అది వెళ్ళి తన చోట ఆనుకుంది.  భద్రమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఆగి, ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక చిక్కొచ్చింది. బీరువా ఎవరు తీస్తున్నారో భద్రమ్మకి తెలిసేది కాదు. తెలియాలంటే అడగాల్సిందే. అరుగు మీంచి, "ఎవరే వంటింట్లో?" అనేది.

"నేనత్తయ్యా, పప్పు తీస్తున్నాను" అని పార్వతాలు చెప్పేది. "నేనత్తయ్యా, మీకు మజ్జిగలోకి ఉప్పు" అని హైమ చెప్పేది. ఒక్కోసారి నోటి నిండా ఏదో పెట్టుకుని, "నేనే నాయనమ్మా" అని ముద్దగా వినపడేది. చెప్పిన మాట ఆవిడ నమ్మేది. లేచి వెళ్ళి తడిమి చూసేది కాదు.

ఒక్కోసారి ఎంత అడిగినా జవాబే వచ్చేది కాదు. అప్పుడు మాత్రం అది వీర్రాజు అని తెలిసిపోయేది.

నిద్రొస్తోందా? కళ్ళు మూసుకో మరి.

కథ వెళ్ళింది కంచికి,
కబురు వెళ్ళింది ఊరికి,
నిద్దర వచ్చింది కంటికి,
మనమూ వచ్చాం ఇంటికి.